చదివినది ఎవరు?



ఈ సంగతి వ్రాయుటకు నాకు కొంత సిగ్గుగా నున్నది. నేను 1983 మొదలు 2018 వరకు పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలలో పిల్లలచేత అక్షరములు దిద్దించినవాడను. నాయొద్ద పలక పట్టినవారు ఇప్పుడు తమ బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి, "మాస్టారూ, వీడికి కూడా నాలుగక్షరాలు చెప్పండి" అని అడుగుచుందురు. అట్టివాని యింటిలోనే తొమ్మిదేండ్ల పిల్లవాడు చదువురాక యుండెను. నేను దానిని కనుగొనలేదు. కనుగొన్నది మా అమ్మ. ఆమెకు అప్పటికి ఎనుబది యైదేండ్లు. నీటికాసుల వ్యాధిచేత రెండు కన్నులును దాదాపుగా పోయినవి.

ఇది 2023వ సంవత్సరము క్రిస్మసు దినములలో జరిగినది. మా మందిరములో పండుగకు ముందటి ఆదివారము సాయంకాలము పిల్లల కార్యక్రమము జరుగును. రంగు కాగితములు, వెదురుబద్దల నక్షత్రము, పాటలు, చివర శనగలు బెల్లము. మీ ఊళ్లలోను ఇట్లే యుండును గనుక వివరించ నక్కరలేదు. ఈసారి లూకా సువార్త రెండవ అధ్యాయములో గొల్లలను గూర్చిన భాగము చదువు వంతు మా మనుమనికి వచ్చెను. వాడు తెల్లచొక్కా తొడిగికొని, నూనె రాచిన తలతో బల్లయొద్దకు పోయి, గ్రంథము తెరచి, ఎనిమిదవ వచనము మొదలు ఇరువదవ వచనము వరకు పదమూడు వచనములను ఎక్కడను తడబడక గట్టిగా వినిపించెను. పెద్దవాండ్లు సహితము అట్లు చదువలేరు. వెనుక వరుసలో కూర్చున్న సంఘపెద్ద ఒకరు నా భుజము తట్టి, "మాస్టారి మనవడు గదా!" అనెను. నా మనస్సు ఎంత పొంగెనో చెప్పలేను.

ఇంటికి వచ్చి అన్నములు తిన్న తరువాత అమ్మ వసారాలోని నులకమంచముమీద కూర్చుండి నన్ను పిలిచెను.

"ఒరే అబ్బాయ్, వాడు చదవలేదురా."

"అదేంటమ్మా, ఊరంతా విన్నారు గదా!"

"నేనూ విన్నాను. చదివింది వాడు కాదు, ఫోను. ఫోనులో ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, వీడూ అక్కడే తీసుకున్నాడు. ఆయన గొంతు తగ్గించిన చోట వీడూ తగ్గించాడు. చదివేవాడైతే ఎక్కడో ఒకచోట తట్టుకోడూ?"

నేను నవ్వి ఊరకుంటిని. అయినను రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఉదయమున వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, రూతు గ్రంథము తెరచి యిచ్చి, చదువుమంటిని. వాడు పేజీవైపు చూచెను, నావైపు చూచెను. "తాతా, ఇది ఫోనులో వినలేదు" అనెను. అక్షరములు చూపి అడుగగా క, మ, ర, ల చెప్పెను. థ, ధ లకు భేదము తెలియదు. ఒత్తు కనబడగానే ఆగిపోవును. మూడక్షరముల మాటను కూడబలుక్కొని చెప్పునప్పటికి మొదటి అక్షరము మరచిపోవును. "మరి రాత్రి ఏ పేజీ తెరిచావురా?" అని అడిగితిని. "నడుమ ఎక్కడో తెరిచాను. ఎవరూ చూడరుగా" అనెను. వానిలో కపటము లేదు. గ్రంథము చేతబట్టుకొని నేర్చుకొన్నది చెప్పుటయే చదువుట అని వాడు నిజముగా అనుకొని యుండెను.

మా అమ్మకు ఈ భేదము అంత చక్కగా ఎట్లు తెలిసినదో మీకు తెలియవలెనంటే, అరువది ఏండ్ల వెనుకటి మాట ఒకటి చెప్పవలెను.

1963లో మా చిన్నమామ సైన్యములో నుండెను. అమ్మకు తమ్ముడాయన. మద్రాసు వైపునుండి ఉత్తరదేశమునకు పోవుచు, ఫలాని దినమున రైలు బెజవాడ స్టేషనులో ఆగును, అక్కా, నీవు వచ్చి కనబడుము అని ఆయన ఇన్లాండు కవరు వ్రాసెను. ఆ యేటికి మా వాడలో ఉత్తరము చదువగల ఆడుది ఒక్కతెయు లేదు. 1961 జనాభా లెక్కలలో దేశమంతట నూరుమంది స్త్రీలలో చదువు వచ్చినవారు పదిహేనుమందికి కొంచెము పైగా మాత్రమే యుండిరని వ్రాయబడియున్నది. మిరపకాయలు కోయు మా కూలివాడలో ఆ పదిహేనుగురు ఎక్కడనుండి వచ్చెదరు? మా నాన్నకును రాదు. నాకు అయిదేండ్లు. అమ్మ ఆ కవరు తీసికొని, పని చేయు ఆసామి యింటి అరుగుదగ్గర నిలువబడెను. ఆయన ఏ తొందరలో నుండెనో, పైపైన చూచి, "అంతా కులాసాయేనట, నిన్నూ పిల్లవాణ్నీ అడిగాడు" అని కవరు మడిచి యిచ్చెను. అమ్మ సంతోషముగా ఇంటికి వచ్చి దానిని చూరులో దోపుకొనెను.

ఆ దినమున మామ బెజవాడ స్టేషనులో రైలుపెట్టె తలుపుదగ్గర నిలువబడి, రైలు కదలువరకు చూచెనట. రెండేండ్లకు సెలవుమీద వచ్చినప్పుడు ఆయన మొదట అడిగిన మాట, "ఎందుకు రాలేదక్కా?" అనునదే. అయితే అమ్మకు సంగతి అంతకు ముందే తెలిసియుండెను. ఏలాగనగా, కవరు వచ్చిన కొన్ని వారములకు పాస్టరమ్మగారు మా యింటికి వచ్చి, చూరులోని కాగితము చూచి చదివిరి. అప్పటికి రైలు పోయి చాలా దినములైనది. అమ్మ ఏడ్వలేదు. "అమ్మగారూ, నాకు అక్షరాలు చెప్తారా?" అని అడిగెనట. ఎవరి నోటినుండి వచ్చినది వారు విడిచినంత విడిచి, ఇచ్చినంత ఇత్తురని ఆమెకు ఆ దినమున తెలిసినది.

మందిరపు వసారాలో రాత్రిబడి పెట్టిరి. ఫ్రాంక్ లాబాక్ అను అమెరికా మిషనరీ ఒకరు 1930లో ఫిలిప్పీన్సు దీవులలో ఆరంభించి, తరువాత మన దేశమునకును వచ్చి, పెద్దవారికి బొమ్మలతో అక్షరములు నేర్పు పటములు అనేక భాషలలో తయారు చేయించెను. నేర్చుకొన్న ప్రతివాడును మరియొకనికి నేర్పవలెననునది ఆయన పెట్టిన పద్ధతి. పాస్టరమ్మగారును ఆ పద్ధతియే పట్టిరి. పగలంతయు మిరపకాయలు కోసిన చేతులు మండుచుండగా, నిద్ర వచ్చినను కన్నులు నలుపుకొనరాక, లాంతరు చుట్టు కూర్చుండి ఎనమండుగురు స్త్రీలు పలకమీద దిద్దిరి. పగలు నేనును బడిలో అవే అక్షరములు దిద్దుచుంటిని. తల్లియు కుమారుడును ఒకే యేట ఓనమాలు నేర్చుకొంటిమి. ణ అక్షరము నాకంటె ముందు ఆమెకే పట్టుపడెను. తాను నేర్చుకొనిన తరువాత మా మేనత్తకు నేర్పెను. ఆ మీదట ఏబది యేండ్లకు పైగా ఆమె ప్రతి రాత్రియు వ్రేలు వరుసక్రింద పెట్టి చదువుచు వచ్చెను. ఆ గ్రంథములో పేజీల క్రింది అంచులు ఆమె వ్రేలివలన నల్లబడియున్నవి.

ఇప్పుడు ఫోను సంగతి. 2021లో ఆమె చూపు బొత్తిగా తగ్గినప్పుడు, నర్సు చదువు చదువుచున్న మా మనుమరాలు తన ఫోనులో బైబిలు చదివి వినిపించు ఏర్పాటు ఎక్కించి యిచ్చెను. మొదటి దినమున అమ్మ ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకొని చెవికి ఆనించుకొని కన్నీరు విడిచెను. గనుక నేను ఫోనును తిట్టుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నానని తలంచవద్దు. చూపులేనివారికిని, మంచముపట్టినవారికిని అది ఎంత మేలు చేయుచున్నదో నేను కన్నులార చూచుచున్నాను. ఎజ్రా నీటిగుమ్మము ఎదుటి మైదానములో ఉదయమునుండి మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రము చదివినప్పుడు జనులు విన్నదియు చెవులతోనే గదా. అయితే అక్కడ లేవీయులు జనుల మధ్య నిలిచి అర్థము చెప్పుచుండిరి. మా ఇంట ఆ పని చేయవలసినవాడను నేను, నేను నిద్రపోవుచుంటిని.

ఏమి జరిగినదో దాచక చెప్పెదను. మా కుమారుడును కోడలును హైదరాబాదులో పని చేసికొనుచు పిల్లవానిని మాయొద్ద విడిచిరి. వాడు 2020లో ఒకటవ తరగతిలో చేరవలసినవాడు. ఆ యేడు మార్చిలో కరోనావలన బడులు మూయబడెను. మన రాష్ట్రములో చిన్నతరగతులు నడుమ కొన్ని వారములు తెరచి మరల మూసి, 2021 ఆగస్టు 16న గాని సరిగా తెరువలేదు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు ప్రసారము చేసిరి. అయ్యవారు తెరమీద చక్కగానే చెప్పుచుండిరి. అయితే తెరలోని అయ్యవారికి వీడు పలకమీద ఏమి వ్రాయుచున్నాడో కనబడదు గదా! అ వ్రాయుమనగా వీడు గీత గీసి, "రాశాను" అనెను. ఆయన "బాగుంది" అనెను. నేను ప్రక్కనే కుర్చీలో పత్రిక మొగముమీద కప్పుకొని యుంటిని.

తరువాత ఫోను. 2016 సెప్టెంబరు తరువాత మన దేశములో ఫోను డేటా ధర ఎంతగా పడిపోయినదో మీరెరుగుదురు. నెలకు ఒకమారు పొదుపుగా వాడుకొన్నది, దినమంతయు నీళ్లవలె పారసాగెను. పిల్లవాడు అల్లరి చేసినప్పుడు ఫోను చేతికిచ్చినది ఎవరు? నేనే. వాడు మూలకు పోయి కూర్చుండును, ఇల్లు నెమ్మదిగా నుండును, నాకు మధ్యాహ్నపు కునుకు దొరకును. ఏ బొమ్మ కావలెనో ఫోనుతో నోటితో చెప్పిన చాలును, అదే తెచ్చి చూపును. వ్రాయ నక్కరలేదు, చదువ నక్కరలేదు. బడి తెరచిన తరువాతనైనను పట్టుకొనవలసినది. వాని నోటిలో పాఠములు ఉండెను గనుక మోసపోతిని. వాడు విన్నదంతయు ఒప్పజెప్పగలడు. జ్ఞాపకశక్తి మంచిది. మంచి జ్ఞాపకశక్తిగల పిల్లవాడు చదువురాని సంగతిని మూడేండ్లు దాచగలడని ఉపాధ్యాయుడనైన నాకు తెలిసియే యుండవలసినది.

ఇట్టివాడు మా ఇంట ఒక్కడే కాడు. ప్రథమ్ అను సంస్థవారు పల్లెలలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచి, అసర్ అను పేరుతో నివేదిక ప్రచురించుచున్నారు. వారి పరీక్ష చాలా సులువైనది. ఒక కాగితముమీద అక్షరములు, మాటలు, ఒకటవ తరగతి పాటి నాలుగు వాక్యములు, రెండవ తరగతి పాటి చిన్న కథ ఉండును. 2018లో దేశమంతట మూడవ తరగతి పిల్లలలో నూటికి 27.3 మంది ఆ చిన్న కథను చదువగలిగిరి. బడులు మూతబడిన తరువాత, 2022లో, 20.5 మందికి దిగిపోయిరి. 2024లో మరల 27.1కి వచ్చిరి. బడులు తెరచి, ఉపాధ్యాయులు పాటుపడినందున పోయినది తిరిగి వచ్చినది, సంతోషమే. అయితే నూటికి డెబ్బదిమందికి పైగా ఇంకను చదువలేకున్నారని కూడ ఆ లెక్కయే చెప్పుచున్నది. అదే 2024 నివేదికలో పదునాలుగు మొదలు పదునారేండ్లవరకు గల పిల్లలను, ఫోను వాడుట వచ్చినవారిని, గడచిన వారములో దానితో ఏమి చేసితిరని అడుగగా, చదువునకు వాడితిమని నూటికి 57 మందియు, వాట్సాప్ మొదలైనవాటికి వాడితిమని 76 మందియు చెప్పిరి. నన్నడిగినను నేను రెండవ గుంపులోనే చేరవలసియుండును.

అవును, నా సంగతియు చెప్పవలెను. మీ చేతిలోనున్న ఈ పత్రిక పూర్వము మా యింటికి వచ్చిన దినమున, దీపము పెట్టువేళకు ఆరంభించి చివరి అట్టవరకు చదివి గాని పడుకొనెడివాడను కాను. గడచిన నాలుగైదేండ్లలో అది పైకాగితము విప్పకయే మూడేసి వారములు బల్లమీద పడియున్న నెలలున్నవి. సంపాదకులు క్షమింతురు గాక. ఒక అధ్యాయము చదువ కూర్చుండిన, పది వచనములు కాకముందే చెయ్యి జేబులోనికి పోవుచుండెను. ఏదో టింగుమన్నట్లు తోచును. తీసి చూతును, ఏమియు లేదు. మరల గ్రంథములోనికి వచ్చుసరికి ఎక్కడ విడిచితినో తెలియదు. మనుమనికి చదువురాలేదు, తాతకు వచ్చిన చదువు జారిపోవుచుండెను.

ఒకనాడు అమ్మ ఫోను వినుచు, "ఆయన ఆగడురా" అనెను. "నాకు ఒక మాట దగ్గర కాసేపు కూచోవాలని ఉంటుంది. ఆయన వెళ్ళిపోతూ ఉంటాడు. వెనక్కి పిలుద్దామంటే ఏ మీట నొక్కాలో కనపడదు. నా వేలు ఉన్నప్పుడు, వేలు ఎక్కడ పెడితే మాట అక్కడే ఉండేది." చదువరులారా, నేను చదువుకొన్న ట్రైనింగు స్కూలులో ఈ విషయము ఇంత సూటిగా ఎవరును చెప్పలేదు. గొంతు తన నడక తాను నడచును. అక్షరము మాత్రము మనము వచ్చువరకు కనిపెట్టుకొని యుండును.

అయితే వినుటవలన ఏమియు రాదందురా? అదియు నిజము కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. పంచాయతీ రేడియోయొద్ద సాయంకాలము కూర్చుండి విని, పురుగుమందులు, ఎరువుల సంగతి నేర్చుకొన్న రైతులను నేను చిన్నప్పుడు చూచితిని. వారు ఊరకే విని లేచిపోలేదు. కార్యక్రమము అయిన తరువాత, "అట్లెట్లా కుదురుద్దిరా?" అని గంటసేపు వాదులాడుకొనెడివారు. ఇదే సంగతిని 1956లో పూనా ఆకాశవాణి కేంద్రమువారు పరీక్షించి చూచిరి. నూట ఏబది పల్లెలలో రైతులు గుంపులుగా చేరి, వారమునకు రెండుమారులు చొప్పున పది వారములు రేడియో వినిరి. విన్నదానిని గూర్చి మాటలాడుకొని, తమ ప్రశ్నలను కేంద్రమునకు వ్రాసి పంపిరి. మరికొన్ని పల్లెలలో రేడియో ఉండెను గాని ఇట్టి గుంపులు లేవు. చివర అడిగి చూడగా, గుంపులుగా చేరి మాటలాడుకొన్న పల్లెలలోని వారికి తెలివి బాగుగా హెచ్చెను. రేడియో మాత్రమే యున్న పల్లెలలో కొంచెమే హెచ్చెను. పెట్టె ఒక్కటే, గొంతు ఒక్కటే.

టీవీ సంగతియు కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 మొదలు సంవత్సరముపాటు, అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2,400 పల్లెలకు టీవీ చూపించిరి. మన తెలుగు పల్లెలును వాటిలో నుండెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఊరంతటికి ఒక్క పెట్టె గనుక ఊరంతయు కలిసి చూచెను. ఇప్పుడు ఒక్కొక్క అరచేతిలో ఒక్కొక్క పెట్టె. ఎవడు ఏమి చూచెనో ప్రక్కవానికి తెలియదు.

మా పిల్లవానికి ఏమి చేయవలెనని ఆలోచించుచుండగా మరియొక సంగతి నాకు జ్ఞాపకము వచ్చెను. అహమ్మదాబాదులోని ఐఐఎమ్‌లో బ్రిజ్ కొఠారి అను ఆయన 1996లో ఒక ఆలోచన చేసెను. టీవీలో సినిమా పాట వచ్చునప్పుడు, పాట ఏ భాషలోనున్నదో ఆ భాషలోనే మాటలను క్రింద వ్రాసి చూపి, పాడుచున్న మాట రంగు మారునట్లు చేసినయెడల, కూడబలుక్కొని చదువువారికి చదువు అలవాటగునని ఆయన తలంచెను. దూరదర్శన్ పాటల కార్యక్రమములలో అట్లు చేసిరి కూడ. పాట ముందే నోటికి వచ్చును. చెవి ముందు పోవును, కన్ను దానివెంట పోవును. ఇప్పుడు అనేక మందిరములలో కీర్తనలు గోడమీద వెలుగుతో చూపుచున్నారు గదా, అదియు ఇట్టిదే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము ఎన్నడును తెరువని చెల్లెండ్రు గోడవైపు చూచుచు పాడుట నేనెరుగుదును. కరెంటు పోయినప్పుడు మాత్రము పల్లవి దాటి ముందుకు పోలేరు, అది వేరు మాట.

గనుక మేము ఫోనును పారవేయలేదు. క్రిస్మసు అయిన తరువాత, 2024 జనవరినుండి, రాత్రి భోజనమైన పిమ్మట అరగంట పెట్టుకొంటిమి. మంచముమీద అమ్మ, క్రింద చాపమీద పిల్లవాడును నేనును. ఫోను ఒక్క వచనము చెప్పును, దానిని ఆపుదుము. పిల్లవాడు గ్రంథములో ఆ వచనమును వెదకి, ముత్తవ్వవలె వ్రేలు పెట్టి, మాట మాటగా చెప్పవలెను. తప్పు చెప్పిన, మంచముమీదనుండి "ఊఁ?" అని వినబడును. అమ్మకు ఆ భాగములు కంఠస్థము గనుక గ్రంథము చూడకయే దిద్దును. మొదటి వారములో వాడు ఏడ్చెను. "ఫోను చెప్పేసిందిగా, మళ్ళీ నేనెందుకు చెప్పాలి?" అని నాతో పోట్లాడెను. న్యాయమైన ప్రశ్నయే, నాయొద్ద జవాబు లేదు. అమ్మ మాత్రము తన తమ్ముని ఉత్తరము సంగతి వానికి చెప్పెను. వాడు అంతయు విని, "అయితే చిన్నతాత రైలు దిగి రావచ్చుగా?" అనెను. దానికిని జవాబు లేదు.

నేనును నా భాగము నిర్ణయించుకొంటిని. ఆ అరగంటయు నా ఫోను వంటింటి గూటిలో ఉండును. మొదట నాలుగు దినములు నా చెయ్యి జేబు వెదకుచునే యుండెను.

ఒత్తులు చాలా తిప్పలు పెట్టినవి. స్త్ర, క్ష్మ వంటివి కనబడినప్పుడు వాడు గోడ ఎక్కలేని మేకపిల్లవలె నిలిచిపోవును. అక్షరములను విడదీసి బియ్యపుపిండితో వాకిట వ్రాసి చూపితిమి. ఫిబ్రవరి, మార్చి నెలలలో, నిజము చెప్పవలెనంటే, నాకు విసుగు పుట్టెను. 35 ఏండ్లు నలుబదిమందికి ఒక్కమారు నేర్పిన నాకు, ఒక్కనికి నేర్పుట అంతకంటె కష్టమైనది. ఏలయనగా వానిని గూర్చి బెంగపడవలసిన తాతను కూడ నేనే. దెబ్బ వేయ చెయ్యి ఎత్తిన దినము కూడ ఉన్నది. అమ్మకు కన్నులు కనబడకున్నను, "చెయ్యి దించు" అనెను.

మే నెలలో మా ఫోను నీళ్లతొట్టిలో పడి పాడైపోయెను. మనుమరాలు సెలవులకు వచ్చి, వేరొక ఫోనులో వేరొక బైబిలు ఎక్కించి యిచ్చెను. అది ఇప్పటి వాడుకభాషలో చేసిన తర్జుమా. ఆ రాత్రి ఎప్పటివలెనే ఫోను ఒక వచనము చెప్పెను. పిల్లవాడు గ్రంథములో వ్రేలు పెట్టి, చాలసేపు ఊరకుండి, మరల మొదటికి పోయి, మరల చూచి తల ఎత్తెను.

"తాతా, ఫోను తప్పు చదువుతోంది."

"ఏంట్రా?"

"ఫోను 'చెప్పాడు' అంది. ఇక్కడ 'చెప్పెను' అని ఉంది. చూడు, ప్ప ఉంది, తరవాత ఎ ఉంది, ను ఉంది."

వ్రేలు ఆ మాటక్రిందనే గట్టిగా అదిమి పట్టుకొని యుండెను. అమ్మ మంచముమీద లేచి కూర్చుండి, "ఆపండి, ఆపండి. మళ్ళీ చూడు నాయనా, ఏమని ఉంది?" అనెను. వాడు మరల చదివెను. రెండు తర్జుమాలును సరియైనవేయని వానికి తరువాత చెప్పితిని గాని, ఆ రాత్రి చెప్పుటకు నాకు మనస్సు రాలేదు.

చదువరులారా, మీ ఇండ్లలో బడికి పోవు పిల్లలుందురు. మంచి మార్కులు వచ్చుచుండవచ్చును, పద్యములు, వాక్యములు గడగడ చెప్పుచుండవచ్చును. ఒక్కమారు వాడు ముందెన్నడు చూడని పేజీ తీసి చేతికియ్యుడి. సంచిలో వచ్చిన పొట్లము కాగితమైనను చాలును, కరెంటు బిల్లు అయినను చాలును. మీకు చదువురాకపోయినను చింతలేదు. తట్టుకొనుచు ముందుకు పోవుచున్నాడా, లేక మీ మొగమువైపు చూచుచున్నాడా అనునది చూడుడి. చదువు వచ్చినవాని కన్ను కాగితము విడిచి కదలదు. ఆదివారపు బడి నడుపువారు కూడ కంఠస్థపు వాక్యముతోపాటు ఇట్టిది ఒకటి చేర్చినయెడల బాగుండును. నేను మా సంఘములో అట్లు చేయగా, పదునెనిమిదిమంది పిల్లలలో ఏడుగురు నావైపు చూచిరి. వారిలో ఇద్దరి తండ్రులు నా శిష్యులే. ఇప్పుడు ఆ ఏడుగురిలో నలుగురు రాత్రిపూట మా వసారాకు వచ్చుచున్నారు. మిగిలిన ముగ్గురి ఇండ్లకు ఇంకను తిరుగుచున్నాను. ఒకని తల్లి, "ఫోనులో అన్నీ వస్తున్నాయి గదండీ మాస్టారూ" అనుచున్నది. ఆమెకు మా చిన్నమామ రైలు సంగతి చెప్పి చూడవలెను.

2024 క్రిస్మసునకు మా మనుమని వంతు మరల వచ్చెను. ఈసారి ఏ భాగము చదువవలెనో ముందుగా చెప్పవద్దని నేను పాస్టరుగారిని వేడుకొంటిని. ఆయన అప్పటికప్పుడు యెషయా గ్రంథము తెరచి వాని చేతికిచ్చెను. వాని కాళ్లు వణకుట నాకు కనబడుచుండెను. మూడు చోట్ల తట్టుకొనెను. ఒకచోట ఒత్తు విడిచి చదివి, తనంతట తానే వెనుకకు పోయి దిద్దుకొనెను. పోయినయేటి వలె ఎవరును నా భుజము తట్టలేదు; వెనుక ఎవరో దగ్గిరి కూడ. ముందు వరుసలో చాపమీద కూర్చున్న అమ్మ, వాడు తట్టుకొన్నప్పుడెల్ల వ్రేలు ఒక్కొక్కటి మడిచి లెక్కపెట్టుచుండెను. అయిపోయిన తరువాత ప్రక్కనున్న మా మేనత్త చెయ్యి వెదకి పట్టుకొని, మందిరమంతటికి వినబడునట్లు, "ఇప్పుడు చదివాడు" అనెను.